ఉమ్మడి సంతకం: విక్టోరియా కాలపు బర్లెస్క్‌లో రెండు కలాలకు ఒక పేరు

1886లో క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు లండన్‌లో, స్ట్రాండ్ వీధిలోని గెయిటీ థియేటర్‌లో ‘మాంటే క్రిస్టో జూనియర్’ అనే కొత్త ఆట మొదలైంది. అలెగ్జాండర్ డ్యూమా నవలను తలకిందులు చేసి నవ్వించే ఆట అది. కథానాయకుడు ఎడ్మండ్ దాంతెస్ వేషం కట్టింది నెల్లీ ఫారెన్ అనే నటి. నాటకకర్తగా ప్రకటించిన పేరు రిచర్డ్ హెన్రీ. వింటే ఎవరో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి పేరులాగే ఉంటుంది. నిజానికి ఆ నాటకకర్త ఒక మనిషి కాడు, ఇద్దరు. రిచర్డ్ అంటే రిచర్డ్ బట్లర్, హెన్రీ అంటే హెన్రీ చాన్స్ న్యూటన్. ఇద్దరూ పత్రికల్లో పనిచేసేవాళ్లే. ఇద్దరూ తమ ఇంటిపేర్లు పక్కన పెట్టి, మిగిలిన రెండు పేర్లను ఒకదాని వెంట ఒకటి రాసుకునేసరికి మూడో మనిషి పుట్టుకొచ్చాడు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కు అదే థియేటర్‌లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ బర్లెస్క్ కూడా ఆ మూడో మనిషి పేరుమీదే నడిచింది. అందులో ఫ్రాంకెన్‌స్టైన్‌గా నెల్లీ ఫారెన్, అతను తయారుచేసిన వింత జీవిగా ఫ్రెడ్ లెస్లీ నటించారు.

ఇలాంటి పేర్లు ఆనాటి లండన్ రంగస్థలంమీద చాలానే కనిపిస్తాయి. ఇద్దరు ఒక పేరు ఎందుకు పెట్టుకున్నారు అన్న ప్రశ్నకు సాధారణంగా మూడు జవాబులు వినబడతాయి. సెన్సారుకు దొరక్కుండా ఉండడానికి అన్నది మొదటిది. బర్లెస్క్ రాయడం చదువుకున్నవాడికి పరువు తక్కువ గనక అసలు పేరు దాచుకున్నారన్నది రెండోది. అదంతా వట్టి సరదా, దానికి అర్థం వెతకనక్కర్లేదన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఒక్కో పేరునూ విడిగా పట్టి చూస్తే, ఈ మూడూ కలిపినా ఉమ్మడి పేరు పుట్టుక పూర్తిగా అర్థం కాదు. ఈ పేర్లలో ఎక్కువ భాగం బర్లెస్క్ తయారైన తీరుకు సాక్ష్యం చెబుతున్నాయని నా నమ్మకం. ఆ నాటకాన్ని ఒక్కడు రాయడు. ఎవరు ఏ మాట రాశారో విడదీసి చెప్పడం రాసినవాళ్లకే కష్టం. ఆ స్థితికి తగిన సంతకం ఉమ్మడి పేరే. ఆ మాట నిలబడుతుందో లేదో చూడడమే ఈ వ్యాసం పని.

ముందు ఆ ప్రక్రియ సంగతి కొంచెం చెప్పుకోవాలి. జనానికి బాగా తెలిసిన ఒపేరానో, నవలనో, షేక్‌స్పియర్ నాటకాన్నో తీసుకుని, పాత్రలను అటూ ఇటూ మార్చి, పాటలూ నాట్యాలూ కలిపి, ఆనాటి ఊరి కబుర్లు చొప్పించి ఆడేదే బర్లెస్క్. 1831 జనవరిలో మేడమ్ వెస్ట్రిస్ ఒలింపిక్ థియేటర్ నిర్వహణ చేపట్టినప్పుడు వేసిన ‘ఒలింపిక్ రెవెల్స్’తో ఈ పద్ధతికి పెద్ద ఊపు వచ్చింది. దాన్ని రాసింది ఇద్దరు: ప్లాంషే, చార్లెస్ డాన్స్. తర్వాతి తరంలో బ్రఫ్ సోదరులు, హెచ్. జె. బైరన్, ఎఫ్. సి. బర్నాండ్ వంటివారు దీన్ని ప్రాస కుదిరిన జంట పాదాలతో, పాదానికొక శ్లేషతో నింపారు. ఆ రోజుల్లో లేసీ అనే ప్రచురణకర్త ప్రదర్శన ప్రతులను చిన్న పుస్తకాలుగా అచ్చువేసేవాడు. ఆ పుస్తకం తెరిస్తే బర్లెస్క్ పేజీని చూడగానే గుర్తుపట్టవచ్చు: శ్లేష ఉన్న చోటల్లా ఆ మాటను వాలు అక్షరాల్లో వేసేవారు. నటుడు ఎక్కడ నొక్కి పలకాలో, చదివేవాడు ఎక్కడ ఆగి నవ్వాలో అచ్చే చూపించేది. మాటను విరిచి, మెలిపెట్టి రెండో అర్థం లాగడం వీరి ముఖ్యమైన విద్య. ఈ సంగతి గుర్తుంటే వీరి కలం పేర్ల దగ్గర మనం తడబడం.

1868 డిసెంబరు 21న జాన్ హాలింగ్స్‌హెడ్ గెయిటీ థియేటర్‌ను ప్రారంభించాడు. ఆ రాత్రి ఆడిన వాటిలో డబ్ల్యు. ఎస్. గిల్బర్ట్ రాసిన ‘రాబర్ట్ ది డెవిల్’ బర్లెస్క్ ఒకటి. 1880ల నడుమ జార్జ్ ఎడ్వర్డ్స్ నిర్వహణలోకి వచ్చాక ఆట స్వరూపం మారింది. అంతకు ముందు ఒక సాయంత్రంలో మరో నాటకం పక్కన ఇమిడిపోయిన చిన్న ఆట కాస్తా సాయంత్రమంతా నడిచే పెద్ద ఆట అయింది. పాత పాటల బాణీలు అరువు తెచ్చుకోవడం తగ్గి, థియేటర్ సంగీత దర్శకుడు మేయర్ లుట్జ్ కొత్త బాణీలు కట్టడం పెరిగింది. 1885 డిసెంబరులో వచ్చిన ‘లిటిల్ జాక్ షెపర్డ్’తో నెల్లీ ఫారెన్, ఫ్రెడ్ లెస్లీ జంట స్థిరపడింది. మన ప్రశ్నకు ముఖ్యమైన పేర్లు చాలావరకు ఆ తర్వాతి ఏడేళ్లలోనివి.

ఆ పేర్లను మూడు రకాలుగా విడదీయాలి. ఈ విభజన చెయ్యకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చర్చ తికమకపడుతూ వస్తోంది. మొదటి రకం, ఇద్దరికీ కలిపి ఒకే పేరు. రిచర్డ్ హెన్రీ ఇందుకు మంచి ఉదాహరణ. పాంటోమైమ్‌లు రాసిన ఇ. ఎల్. బ్లాంచర్డ్, టి. ఎల్. గ్రీన్‌వుడ్ కలిసి పెట్టుకున్న ‘బ్రదర్స్ గ్రిన్’ అన్న పేరు ఇంకొకటి. జానపద కథలు సేకరించిన జర్మన్ గ్రిమ్ సోదరుల పేరులో ఒక అక్షరం మారిస్తే పళ్లు కనబడేలా నవ్వే సోదరులు తయారయ్యారు. రెండో రకం, ఒకదానికొకటి జతపడేలా అల్లుకున్న రెండు పేర్లు. ‘బోల్టన్ రో’, ‘సావిల్ రో’ అనేవి లండన్‌లో రెండు వీధుల పేర్లు. మొదటిది బి. సి. స్టీవెన్సన్, రెండోది నాటక విమర్శకుడు క్లెమెంట్ స్కాట్. వీరు కలిసి రాసినవి బర్లెస్క్‌లు కావు, ఫ్రెంచి నాటకకర్త సార్దూ నాటకాలకు ఇంగ్లీషు రూపాలు. అయినా పేరు కుదిర్చిన పద్ధతి మాత్రం బర్లెస్క్ వాళ్లదే. మూడో రకం, ఒకరి అసలు పేరు పక్కన ఇంకొకరి కలం పేరు. ‘ఎ. సి. టార్’, హెర్బర్ట్ క్లార్క్; ‘ఎఫ్. టామ్‌లైన్’, గిల్బర్ట్ ఎ బెకెట్; ‘ఏడ్రియన్ రాస్’, జె. ఎల్. షైన్ ఈ కోవలోకి వస్తారు. దాచడం అనే మాట మూడో రకంలో కొందరికి సరిపోతుంది. మొదటి రెండు రకాలకు అంత తేలిగ్గా సరిపోదు.

సెన్సారు వాదానికి అందరూ చూపే ఉదాహరణ 1873 నాటి ‘ది హ్యాపీ లాండ్’. ఆ ఏడు జనవరిలో హేమార్కెట్ థియేటర్‌లో గిల్బర్ట్ నాటకం ‘ది వికెడ్ వరల్డ్’ మొదలైంది. మార్చిలో కోర్ట్ థియేటర్‌లో దానిమీద బర్లెస్క్ వచ్చింది. రాసినవారు ఎఫ్. టామ్‌లైన్, గిల్బర్ట్ ఎ బెకెట్ అని ప్రకటించారు. టామ్‌లైన్ మరెవరో కాదు, గిల్బర్టే. తన నాటకాన్ని తనే వెక్కిరించుకున్నాడు. వెక్కిరింపు అక్కడితో ఆగలేదు. ముగ్గురు నటులు ప్రధాని గ్లాడ్‌స్టన్, ఆర్థికమంత్రి రాబర్ట్ లో, ప్రభుత్వ నిర్మాణాల వ్యవహారాలు చూసే ఎయిర్టన్‌లను ముఖ కవళికలతో సహా అచ్చు దించి రంగస్థలంమీదికి వచ్చారు. నాటకాలకు అనుమతి ఇచ్చే లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం కొద్ది రోజుల్లోనే ఆ అనుమతిని రద్దు చేసింది. దాఖలు చేసిన ప్రతిలో లేని మాటలు ఆటలో ఉన్నాయన్నది ఆరోపణ. థియేటర్ నిర్వాహకురాలు మేరీ లిటన్ ఆ మార్పులు వేరుగా తెలిసేలా నాటకాన్ని అచ్చువేయించింది. తర్వాత వేషాలు మార్చి ఆటను మళ్లీ ఆడారు. ఇంత గొడవలో టామ్‌లైన్ అన్న పేరు గిల్బర్ట్‌కు కొంత ఆసరా ఇచ్చిందని ఒప్పుకోవాల్సిందే. మరో థియేటర్‌లో తన సొంత నాటకం గంభీరంగా నడుస్తున్నప్పుడు ఆ ఎడం అతనికి అవసరం కూడా.

అయితే ఈ ఒక్క ఉదాహరణ మొత్తం ప్రశ్నను మోయలేదు. 1843 నాటి థియేటర్ల చట్టం ప్రకారం ప్రతి కొత్త నాటకం ప్రతినీ ప్రదర్శనకు కనీసం ఏడు రోజుల ముందు లార్డ్ చాంబర్లేన్‌కు పంపాలి. పంపే కాగితంమీద సంతకం థియేటర్ యజమానిది లేదా నిర్వాహకుడిది. నాటకకర్త ఎవరన్నది అనుమతికి ప్రధానం కాదు. తప్పు జరిగితే దెబ్బ పడేది థియేటర్‌మీద. ‘హ్యాపీ లాండ్’ విషయంలో జరిగింది అదే: ఆట ఆగింది, నిర్వాహకురాలు ఇరుకున పడింది. అలాంటప్పుడు రచయిత పేరు మార్చుకుంటే సెన్సారు నుంచి దక్కే రక్షణ స్వల్పం. పైగా మాటలకన్నా ఎక్కువగా పట్టుబడింది ముఖానికి వేసిన రంగు, కట్టిన దుస్తులు, చేసిన సైగలు. వాటికి కలం పేరు అడ్డం రాదు. టామ్‌లైన్ పేరును గిల్బర్ట్ ఫ్రెంచి నుంచి తెచ్చిన చిన్న నాటకాలకు కూడా వాడాడు. ఆ వాడకం చూస్తే, తన సొంత రచనలనూ అరువు రచనలనూ వేరుగా ఉంచాలన్న క్రమమే ఎక్కువగా కనబడుతుంది. ఇవన్నీ అటుంచినా, టామ్‌లైన్ ఒక్కడి పేరు. అతని పక్కన నిలబడిన ఎ బెకెట్ సొంత పేరుతోనే ఉన్నాడు. ఉమ్మడి పేరు ఎందుకు అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

దాచడానికే పెట్టుకున్న ఉమ్మడి పేరు ఎలా ఉంటుందో చూడాలంటే బర్లెస్క్ బయటకు వెళ్లాలి. అదే కాలంలో ‘మైకేల్ ఫీల్డ్’ అన్న పేరుతో పద్యనాటకాలు వచ్చాయి. 1884లో వచ్చిన ‘కలిరోయి’ని మెచ్చుకున్నవారు మైకేల్ ఫీల్డ్ ఒక ప్రతిభావంతుడైన యువకుడని అనుకున్నారు. ఆ పేరు వెనక ఉన్నది కేథరిన్ బ్రాడ్లీ, ఆమె అక్క కూతురు ఎడిత్ కూపర్. కవి బ్రౌనింగ్ నోటి నుంచి రహస్యం జారినప్పుడు బ్రాడ్లీ ఎంతో బాధపడింది. ఆడవాళ్లని తెలిస్తే తమ మాటకు తూకం తగ్గుతుందన్న ఆమె భయం ఉత్తిది కాదు. తర్వాత విమర్శకుల ఆదరణ తగ్గుతూ వచ్చింది. ఇక్కడ పేరు నిజంగా ముసుగే. అది జారితే నష్టం ఉంది. రిచర్డ్ హెన్రీ ముసుగు జారితే ఎవరికి ఏం పోయింది? ఏమీ పోలేదు. రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి గనక ఆ ఇద్దరినీ ఎరిగినవాడెవడైనా చూడగానే పోల్చుకోగలడు. ఈ తేడా పట్టించుకోకపోతే రెండు వేర్వేరు సంగతులను ఒకే మాటతో పిలిచినవాళ్లం అవుతాం.

పరువు వాదానికి బలమైన సాక్షి ఏడ్రియన్ రాస్. అతని అసలు పేరు ఆర్థర్ రీడ్ రోప్స్. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ ఫెలో, చరిత్ర బోధించినవాడు. 1891లో ఒపేరా కామిక్ థియేటర్‌లో వచ్చిన ‘జోన్ ఆఫ్ ఆర్క్’ బర్లెస్క్‌ను నటుడు జె. ఎల్. షైన్‌తో కలిసి రాశాడు. చరిత్ర గ్రంథాలమీద ఒక పేరు, కాళ్లు ఎగరేసి ఆడే నాటకాలమీద ఇంకో పేరు ఉంచుకోవడం అతనికి సహజమే. కాలేజీ గౌరవం కాపాడుకోవాలన్న ఆలోచన అందులో లేదని ఎవరూ అనలేరు. కానీ ఇది కూడా ఒక్కడి కలం పేరే. పక్కనున్న షైన్‌కు దాచుకోవాల్సింది ఏమీ లేదు గనక అసలు పేరే పెట్టుకున్నాడు. పరువు భయం ఉన్నచోట ఆ భయం ఉన్నవాడొక్కడే పేరు మార్చుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక పేరులోకి వెళ్లినచోట కారణం ఇంకోటి అయి ఉండాలి.

ఆ కారణం వెతకడానికి ‘ది రెఫరీ’ అనే పత్రిక దగ్గరికి వెళ్లాలి. 1877లో హెన్రీ సాంప్సన్ ప్రారంభించిన ఆదివారపు పత్రిక అది. ఆటల పోటీల వార్తలు, నాటకాల కబుర్లు దాని సరుకు. సాంప్సన్ ‘పెండ్రాగన్’ అన్న పేరుతో రాసేవాడు. జార్జ్ ఆర్. సిమ్స్ ‘డాగొనెట్’ అయ్యాడు. న్యూటన్ ‘కరడోస్’ అయ్యాడు. మూడూ ఆర్థర్ రాజు కథల్లోని పేర్లే. డాగొనెట్ ఆ కొలువులో విదూషకుడు. బట్లర్ కూడా ఆ పత్రికవాడే, తర్వాతి రోజుల్లో దానికి సంపాదకుడు. అంటే రిచర్డ్ హెన్రీలో సగమైన ప్రతి మనిషీ అప్పటికే కొలువు పేర్ల మధ్య రోజూ పనిచేసేవాడు. పత్రిక అంటే అందరూ కలిసి ఒక గొంతుతో మాట్లాడే చోటు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారు, మూడోవారు శీర్షిక పెడతారు, చదివేవాడికి కనబడేది శీర్షిక కింది పేరే. ఆ గదిలో అలవాటైన పద్ధతినే వీరు థియేటర్‌కు మోసుకెళ్లారు. బోల్టన్ రో జంటలోనూ ఇదే చూస్తాం. స్టీవెన్సన్ 1875లోనే సలివన్ సంగీతం కూర్చిన ‘ది జూ’కు బోల్టన్ రో పేరుతో మాటలు రాశాడు. మరుసటి ఏడు ‘పెరిల్’ దగ్గర స్కాట్ వచ్చి చేరినప్పుడు, ఉన్న వీధి పేరుకు ఇంకో వీధి పేరు జత చేశారు. 1878లో బ్యాంక్రాఫ్ట్ దంపతులు వేసిన ‘డిప్లొమసీ’ ఆ రెండు వీధుల పేర్లమీదే ఘనవిజయం సాధించింది. రెండో పేరు మొదటి దానికోసమే పుట్టింది. కలిసి పనిచేస్తున్నామని చెప్పడం తప్ప దానికి వేరే పని కనబడదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. స్కాట్ డెయిలీ టెలిగ్రాఫ్‌లో నాటక విమర్శకుడు. న్యూటన్, బట్లర్ థియేటర్ వార్తలు రాసే పత్రికవాళ్లు. తీర్పు చెప్పేవాడే నాటకం రాసి డబ్బు తీసుకుంటే అది అనుమానానికి తావిచ్చేదే. కలం పేరు ఆ అనుమానాన్ని కప్పే దుప్పటి కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టెయ్యకూడదు. విమర్శకులు నాటకాలు రాయడం, నాటకకర్తలు పత్రికల్లో రాయడం ఆ కాలపు లండన్‌లో నిజమైన సమస్య. కప్పుకునే ఆలోచన స్కాట్ మనసులో కొంత ఉండే ఉంటుంది. కానీ కప్పడానికే అయితే ఎవరికీ అంతుపట్టని పేరు పెట్టుకోవాలి. రెండు వీధుల పేర్లు పక్కపక్కన కనబడగానే అవి కల్పితమని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది, ఆ వెంటనే ఎవరివా అన్న ఆరా మొదలవుతుంది. దాగాలనుకునేవాడు ఆరా రేపడు. కాబట్టి కలం పేరు చేసింది దాపరికం కన్నా మర్యాద అనడం సబబు. ఈ పని చేసేటప్పుడు మేం విమర్శకులం కాము, నాటకం కట్టేవాళ్లం అని గీత గీసుకోవడం. ఆ గీత ఎంత గట్టిదన్నది వేరే సంగతి.

ఇక సరదా వాదం. ఇది నిజమే, కానీ సరదాను చిన్నచూపు చూడకూడదు. బర్లెస్క్‌లో సరదాయే పని. ‘ఎ. సి. టార్’ అన్న పేరు తీసుకోండి. అక్షరాలు కలిపి గబగబా పలికితే ‘యాక్టర్’ అవుతుంది. ఆ పేరు ఫ్రెడ్ లెస్లీది, అంటే గెయిటీలో ప్రధాన హాస్యనటుడిది. అతను హొరేస్ మిల్స్‌తో కలిసి 1887లో ‘మిస్ ఎస్మెరాల్డా’, హెర్బర్ట్ క్లార్క్‌తో 1889లో విక్టర్ హ్యూగో నాటకంమీద బర్లెస్క్, డబ్ల్యు. టి. విన్సెంట్‌తో 1891లో ‘సిండర్ ఎలెన్ అప్ టూ లేట్’ రాశాడు. 1889 నాటి ఆట పేరే చూడండి: ‘రూయ్ బ్లాస్ అండ్ ది బ్లాజే రూయే’. హ్యూగో పెట్టిన పేరులోని రెండు ధ్వనులు వెనక్కి తిరిగి నడిచి ‘విసుగెత్తిన విలాసపురుషుడు’ అన్న అర్థం ఇస్తున్నాయి. ఆట పేరులో శ్లేష, దాని కింద నాటకకర్త పేరులో శ్లేష. తెర లేవకముందే ప్రకటన కాగితంమీద ఆట మొదలైపోయిందన్న మాట. లేసీ పుస్తకంలో వాలు అక్షరాలు చేసిన పనే ఇక్కడ కలం పేరు చేస్తోంది.

అంతకన్నా లోతైన సంగతి ఆ పేరులోనే ఉంది. నాటకకర్త ఎవరు అంటే ‘నటుడు’ అని జవాబు. ‘రూయ్ బ్లాస్’లో లెస్లీ, మరికొందరు నటులు ఆనాటి మహానటుడు హెన్రీ ఇర్వింగ్ ముఖం వేసుకుని, ఆడవాళ్ల గౌన్లు కట్టి నాట్యం చేశారు. ఇర్వింగ్‌కు కోపం వచ్చింది, లార్డ్ చాంబర్లేన్ జోక్యంతో ఆ వేషం తీసెయ్యాల్సి వచ్చింది. ఆ ఘట్టాన్ని ‘రాసింది’ ఎవరు? కాగితంమీద దానికి చోటు రెండు పంక్తులు మించదు. దాని బలమంతా నడకలో, భుజం తిప్పడంలో, ఇర్వింగ్ నోరు విప్పే తీరును అనుకరించడంలో ఉంది. నటుడి ఒంట్లో పుట్టిన ఘట్టానికి నటుడే కర్త. యాక్టర్ అన్న మాటను ఇంటిపేరు చేసుకుని లెస్లీ ఆ నిజాన్ని అందరికీ కనబడేలా ప్రకటించాడు. అతనికి దాచుకునే అవసరం లేదు, ఎందుకంటే లండన్‌లో అతన్ని ఎరగనివాడు లేడు.

గెయిటీ ఆట తయారయ్యే క్రమం చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. ‘మాంటే క్రిస్టో జూనియర్’కు సంగీతం ఇచ్చినవారిలో మేయర్ లుట్జ్, ఐవాన్ కారిల్, హామిల్టన్ క్లార్క్, టీటో మాటీ, జి. డబ్ల్యు. హంట్, హెన్రీ జె. లెస్లీ ఉన్నారు. ఒక ఆటకు ఆరుగురు. ఒక్కో నటుడి గొంతుకు, ఒక్కో నటి నాట్యానికి తగ్గట్టు పాట తెచ్చి అతికేవారు. జనానికి పట్టని పాట పోయేది, పట్టిన పాటకు కొత్త చరణం వచ్చేది. కొన్నాళ్లు ఆడాక కొత్త పాటలు, కొత్త దుస్తులు కలిపి ‘కొత్త కూర్పు’ అంటూ మళ్లీ ప్రకటించేవారు. ఊరి కబుర్లు మారేకొద్దీ ఛలోక్తులూ మారేవి. డిసెంబరులో చాంబర్లేన్ కార్యాలయానికి పంపిన ప్రతి వేసవి నాటికి రంగస్థలంమీద ఉన్న ఆటకు దూరపు బంధువు. ఇలాంటి రచనకింద ‘నేను రాశాను’ అని ఒక్కడు సంతకం పెడితే అది అతిశయోక్తి. ఇద్దరు తమ పేర్లు విడివిడిగా పెట్టినా ఈ భాగం నీది, ఆ భాగం నాది అన్న లెక్క ఎదురవుతుంది. ఒకే పేరు పెడితే ఆ లెక్క రద్దవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణలు లేకపోలేదు. ‘లిటిల్ జాక్ షెపర్డ్’ రాసిన పాటింజర్ స్టీఫెన్స్, విలియం యార్డ్లీ అసలు పేర్లే పెట్టుకున్నారు. 1888లో ‘ఫౌస్ట్ అప్ టు డేట్’, 1890లో ‘కార్మెన్ అప్ టు డేటా’ రాసిన సిమ్స్, పెటిట్ కూడా అంతే. పని తీరు ఒకటే అయినప్పుడు వీరికెందుకు ఉమ్మడి పేరు అక్కర్లేకపోయింది? జవాబు ఆ పేర్ల ధరలో ఉంది. సిమ్స్ 1881లో ‘ది లైట్స్ ఓ’ లండన్’తో ఊరంతా మోగిన నాటకకర్త, హెన్రీ పెటిట్ మెలోడ్రామాలకు పెట్టింది పేరు. యార్డ్లీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి క్రికెట్ పోటీలో మొదటి శతకం కొట్టినవాడు. ఆ పేర్లు ప్రకటన కాగితంమీద ఉంటే టిక్కెట్లు తెగుతాయి. పేరే పెట్టుబడి అయినవాడు దాన్ని ఉమ్మడిలో కలపడు. నడిమి దారి కూడా ఒకటుంది. విలియం, రాబర్ట్ బ్రఫ్ 1848లో ‘ది ఎన్‌చాంటెడ్ ఐల్’ నుంచి ‘బ్రఫ్ సోదరులు’గా రాశారు. పేరు నిజమైనదే, సంతకం ఒకటే. కాబట్టి ఉమ్మడి పేరు పెట్టడం ఆ వృత్తిలో నియమం అనను. వృత్తి స్వభావం ఆ వైపు మొగ్గేది, వ్యాపార లాభం ఎదురైతే ఆగేది అంటాను.

ఇంకో అభ్యంతరం నైతికమైనది. ఉమ్మడి పేరు ఇద్దరి మధ్య సమానత్వం చూపిస్తోంది సరే, మిగతావారి మాటేమిటి? నెల్లీ ఫారెన్ చూపు, నడక, గొంతు లేకుండా ఆ ఆటలు లేవు. లుట్జ్ బాణీలు లేకుండా లేవు. పాటలు అమ్మిన చిన్న కవుల పేర్లు చాలాసార్లు కాగితంమీదికే రాలేదు. ఇది న్యాయమైన ఫిర్యాదు. ఉమ్మడి తలుపు ఇద్దరి దగ్గరే మూసుకుపోయింది. అయినా ఒక్కడి పేరు వేసే పద్ధతి కన్నా ఇది ఒక అడుగు ముందుకు వేసింది. లెస్లీ విషయంలో ఆ తలుపు నటుడి దాకా తెరుచుకుంది. నష్టం ఎక్కువగా జరిగింది తర్వాతి కాలంలో. ప్రక్రియ చచ్చిపోయి, పేరు వెనక మనుషులను ఎరిగినవారు పోయాక, పట్టికలు తయారుచేసినవారికి రిచర్డ్ హెన్రీ ఒక మనిషిగా కనబడే ప్రమాదం వచ్చింది. పేరును విప్పి ఇద్దరి కింద పంచితే ఇంకో ప్రమాదం: చెరి సగం అన్న అబద్ధపు లెక్క పుడుతుంది.

జంట కవులను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ రెండో ప్రమాదం ఇట్టే అర్థమవుతుంది. ‘పాండవోద్యోగ విజయాలు’ రాసిన తిరుపతి వేంకట కవుల పేరు కూడా ఇద్దరి పేర్లనూ పక్కపక్కన పెట్టి కట్టిందే. 1920లో దివాకర్ల తిరుపతి శాస్త్రి కన్నుమూశాక కూడా చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి తన రచనలను జంట పేరుమీదే వెలువరించారు. ఏ పద్యం ఎవరిదని విడదీయబోయినవారికి ఆ పేరే అడ్డం నిలిచింది. లండన్ జంటకూ ఈ జంటకూ సంబంధం ఏమీ లేదు, సాహిత్య స్థాయిలో పోలికా లేదు. ఒకటి శతావధానాల విద్వత్తు, రెండోది సాయంత్రపు వినోదం. అయినా పేరు కట్టిన తీరు ఒకటే గనక, పేరు తెలిపేది కూడా ఒకటే: మా ఇద్దరి మధ్య గీత గీయకండి.

ఉమ్మడి పేర్లు ఎప్పుడు తగ్గిపోయాయో చూస్తే చివరి రుజువు దొరుకుతుంది. 1892 డిసెంబరులో లెస్లీ టైఫాయిడ్‌తో చనిపోయాడు, అప్పటికి ముప్పై ఏడేళ్లు. ఫారెన్ అనారోగ్యంతో రంగస్థలానికి దూరమైంది. ఎడ్వర్డ్స్ 1892లో ‘ఇన్ టౌన్’, 1893లో ‘ఎ గెయిటీ గర్ల్’తో సంగీత నాటకం అనే కొత్త దారి పట్టాడు. ‘ఎ గెయిటీ గర్ల్’ కథ, సంభాషణలు ‘ఓవెన్ హాల్’వి. ఆ పేరును పలికితే ‘అందరికీ బాకీ’ అన్న ఇంగ్లీషు మాట వినబడుతుంది. అప్పుల్లో మునిగిన జేమ్స్ డేవిస్ పెట్టుకున్న పేరది. అంటే శ్లేష బతికే ఉంది, కలం పేరూ బతికే ఉంది. పోయింది ఉమ్మడితనం. కొత్త నాటకాల ప్రకటనల్లో కథ ఒకరిది, పాటల మాటలు ఇంకొకరివి, సంగీతం మరొకరిది, అదనపు పాటలు ఫలానావారివి అని వరుసగా పేర్లు వచ్చాయి. ఏడ్రియన్ రాస్ కథ జోలికి పోకుండా పాటలు మాత్రమే రాసే రచయితగా స్థిరపడి, ఆ పనిని ప్రత్యేక వృత్తిగా నిలబెట్టినవారిలో ముందువరుసలో నిలిచాడు. సెన్సారు భయమే ఉమ్మడి పేరుకు కారణమైతే అది అప్పుడు పోనక్కర్లేదు. చాంబర్లేన్ అధికారం 1968 దాకా సాగింది. పరువే కారణమైనా పోనక్కర్లేదు. రాస్ చివరిదాకా రాస్‌గానే రాశాడు. మారింది పని పంచుకునే పద్ధతి. ఎవరి వాటా వారిదిగా తెగిన రోజున కలగలుపు సంతకం అక్కర్లేకపోయింది.

అందుకే ఈ పేర్లను విప్పి పారేసే చిక్కుముడులుగా చూడడం మంచిది కాదంటాను. గ్రంథాలయ పట్టికలో రిచర్డ్ హెన్రీ దగ్గర బట్లర్, న్యూటన్ పేర్లు తప్పక ఉండాలి. వారిద్దరూ కష్టపడ్డారు, ఆ ఋణం తీర్చాలి. కానీ ఆ రెండు పేర్లూ వేశాం కదా అని పైనున్న పేరు కొట్టేస్తే, ఆ ఆట ఎలా పుట్టిందో చెప్పే సాక్షిని మనమే బయటికి పంపినట్టవుతుంది. మూడు పేర్లూ ఉంచాలి. ‘మాంటే క్రిస్టో జూనియర్’లో ఏ ఛలోక్తి బట్లర్‌దో, ఏది న్యూటన్‌దో ఆ ఇద్దరూ చెప్పదలచుకోలేదు. ప్రకటన కాగితంమీద వారు అడిగింది ఇద్దరి పనినీ కలిపి చూడమని. నూట నలభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లం ఆ కోరికను మన్నించడం వారికి మనం ఇవ్వగల కనీస గౌరవం.